రెక్కలు యాడ పెట్టాలె టీచర్?

ఈ ఏడు బడి తెరిచిన వారం లోపే ఒక రాత్రి మంచి వాన పడింది. పొద్దున నేను పోయేసరికి వరండా అంతా రెక్కలే. ఉసిళ్ళవి. వరండాలో ట్యూబ్‌లైట్ రాత్రంతా వెలిగినట్టుంది, దాని కింద గోడవారగా కుప్పలు కుప్పలుగా పడి ఉన్నాయి, గాలి కొడితే ఇటు నుంచి అటు జరుగుతున్నాయి. ఊడ్చే అక్క అప్పటికే చీపురు పట్టుకుని ఉంది, ఆగు అక్కా ఊడ్వకు, కాసేపు ఉండనీ అన్నాను. ఆమె నన్ను విచిత్రంగా చూసింది గానీ చీపురు పక్కన పెట్టేసింది.

నాకు ఒకటో తరగతి, రెండో తరగతి కలిపి ఒకే గది. జహీరాబాద్ వైపు చిన్న ఊరు మాది, ఇరవై రెండు మంది పిల్లలు. అందరికీ మధ్యాహ్నం అన్నం తినే ప్లేట్లు ఇచ్చి రెక్కలు ఏరుకు రమ్మన్నాను. పావుగంటలో ప్లేట్లు నిండిపోయాయి, గదిలో ఫ్యాన్ ఆపేసి అందరం నేల మీద కూర్చున్నాం. తెల్ల కాగితం మీద ఒక్కో రెక్క పరిచి చూస్తే ఎంత పల్చగా ఉందో, వేలితో తీయబోతే వేలికే అంటుకుంటుంది, కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూస్తే లోపల సన్న గీతలు. "టీచర్, ఇది ఉల్లిపొట్టు లెక్కనే ఉంది" అంది రెండో తరగతి పిల్ల ఒకతి. ఆ ఒక్క మాటతో నాకు ఈ ఏడాది పని దొరికింది. ఎందుకంటే పిల్లలతో చేయించే ఎగిరే పురుగుల బొమ్మల్లో రెక్కలకి ఏం వాడాలా అని నేను సెలవులంతా ఆలోచిస్తూనే ఉన్నాను, చార్ట్ పేపర్ తప్ప ఇంకోటి తోచలేదు, ఈ పిల్ల వంటింట్లో పారేసే పొట్టు చూపించేసింది.

ఒక్క పురుగుకి ఎన్ని రెక్కలుంటాయి అని అడిగాను. రెండని కొందరు, ఆరని ఇంకొందరు. గోడ మూల రెక్కలింకా పూర్తిగా ఊడని ఉసిళ్ళ పురుగు ఒకటి దొరికితే దాన్ని చూసి నాలుగని తేలింది. నాలుగూ ఒకే పొడవు, దేని పక్కన దేన్ని పెట్టినా తేడా తెలియదు. కుప్పలోంచి నాలుగు నాలుగు తీసి వరసలు పేర్చమంటే లెక్కల క్లాసు కూడా అందులోనే అయిపోయింది, ఒక్కడైతే ముప్పై ఒక్క ఉసిళ్ళ రెక్కలు పేర్చి మూడు మిగిలినయి టీచర్, ఒకటి యాడనో పోయింది అని వరండా అంతా మళ్ళీ వెతికాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే పోయినేడు నేను చేసిన పద్ధతి వేరు, అది తప్పని ఇప్పుడు బాగా తెలుస్తోంది కాబట్టి. పోయినేడు ఎగిరే పురుగుల పాఠం కోసం రాత్రి పదకొండింటిదాకా కూర్చుని ఇరవై మందికి సరిపడా తూనీగ ఒళ్ళు, రెక్కలు, కళ్ళు అన్నీ చార్ట్ పేపర్‌తో కత్తిరించి పెట్టుకున్నాను. తెల్లారి పిల్లలు ఫెవికాల్ పూసి అతికించారు, అరగంటలో అందరివీ అయిపోయాయి, తీగకి వేలాడదీస్తే గది కళకళలాడింది, ఫోటోలు కూడా తీశాం. కానీ ఆ అరగంటలో ఒక్కరు కూడా ఒక్క ప్రశ్న అడగలేదు. అన్నీ నేనే ఆలోచించేసి, నేనే నిర్ణయించేసి, వాళ్ళకి గమ్ము పూసే పని మాత్రం మిగిల్చాను. పైగా ఎక్కడో చూసిన బొమ్మని పట్టుకుని కత్తిరించానేమో రెక్కలు తోక మధ్యలో వచ్చాయి. ఇరవై తూనీగలకీ తోక మధ్యలోంచి రెక్కలు, అవి ఏడాదంతా గదిలో వేలాడాయి. బజారులో కొన్న చార్ట్ ఒకటి ఉండేది, దాంట్లో దోమకి కూడా నాలుగు రెక్కలు వేశారు, అది కూడా అలాగే గోడ మీద ఉంది. పిల్లలు రోజూ చూసేది అదే కదా.

అందుకే ఈసారి నేను ఏదీ కత్తిరించి ఇవ్వదలుచుకోలేదు. సామాను ఇస్తాను, పురుగుని చూపిస్తాను, ఎక్కడ ఏం పెట్టాలో వాళ్ళే తేల్చుకోవాలి.

మా వైపు జొన్న బాగా వేస్తారు, కాబట్టి చొప్పకి కొదవ లేదు. ఎండిన జొన్న దంటు పైచెక్క ఒలిస్తే లోపల తెల్లగా మెత్తగా బెండు ఉంటుంది, పుల్ల గుచ్చితే దిగుతుంది, నిలబడుతుంది, గమ్ముతో పనే లేదు. వెనకటికి పిల్లలు దాంతోనే బండ్లు, ఎడ్లు చేసుకునేవాళ్ళు. మా క్లాసు పిల్లాడి తాత ఒకాయన అవి చేయడంలో దిట్ట అని తెలిసి కబురు పెడితే చొప్ప మోపు భుజాన వేసుకుని మరీ వచ్చాడు. తాతా మా పిల్లలకి బెండు ఒలవడం చూపించు అంటే, "అది పిల్లల పని గాదు పంతులమ్మా, పైచెక్క బ్లేడు లెక్క కోస్తది, నేను ఒలిచిస్తా, వాళ్ళు గుచ్చుకోనీ" అన్నాడు. నిజమే, ఆ చెక్క అంచు చాలా పదును, వేలు తెగితే చాలాసేపు రక్తం ఆగదు. చిన్న పిల్లలతో ఎవరైనా ఇది చేయిస్తే ఒలిచే పని మాత్రం పెద్దవాళ్ళే చేయండి. ఆయన పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని ఒలిచి, ఒలిచిన చెక్క బద్దలతోనే చిన్న ఎడ్లబండి కూడా చేసి పిల్లల చేతిలో పెట్టిపోయాడు, అది ఇప్పటికీ నా టేబుల్ మీద ఉంది.

మొదటి బొమ్మ తూనీగ. బెండు ముక్కలు, చీపురు పుల్లలు, చెరువు మట్టి, నల్ల దారం, చీరలు పెట్టి ఇచ్చే పారదర్శక కవర్లు అన్నీ మధ్యలో పోశాను. ఉల్లిపొట్టు ఉసిళ్ళకి సరిపోతుంది గానీ తూనీగ రెక్క పొడుగు కదా, దానికి కవరే బాగుంది. ఎవరికి వాళ్ళు మొదలుపెట్టారు. రెండు నిమిషాలు కాలేదు, మొదటి ప్రశ్న వచ్చేసింది.

"రెక్కలు యాడ పెట్టాలె టీచర్?"

నేను చెప్పలేదు. నువ్వు చూసినప్పుడు యాడ ఉన్నయి అని అడిగాను. వాడు కళ్ళు మూసుకుని ఆలోచించాడు, తెల్వదు అన్నాడు. వాడు తూనీగ తోకకి దారం కట్టి ఆడించే పిల్లాడే, ఊళ్ళో వాడు పట్టినన్ని ఎవరూ పట్టి ఉండరు, అయినా రెక్క ఎక్కడ మొలిచిందో ఎప్పుడూ చూడలేదు. మన అందరిదీ అంతే అనుకుంటాను, నేను కూడా చిన్నప్పుడు దారం కట్టినదాన్నే, పెద్దయ్యాక రెక్కలు తోక మధ్యలో కత్తిరించినదాన్నే. చేతిలో పట్టుకోవడం వేరు, చూడటం వేరు. చూడాలంటే ఏదో ఒక అవసరం రావాలి, పుల్ల పట్టుకుని ఎక్కడ గుచ్చాలో తెలియక ఆగిపోయినప్పుడు ఆ అవసరం వస్తుంది.

సరే అని అందరం బయటికి పోయాం. బడి వెనక నీటితొట్టి దగ్గర ఎండు పుల్లల మీద తూనీగలు వాలుతుంటాయి, కదలకుండా కూర్చుంటే దగ్గరకే వస్తాయి. ఇరవై మంది పిల్లలు నోరు మూసుకుని అయిదు నిమిషాలు కూర్చున్నారంటే నమ్మరు మీరు. ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చూపించాను. నాలుగు రెక్కలూ తల వెనకాల ఉన్న లావు ముక్కకే ఉన్నాయి, ఆరు కాళ్ళు కూడా దానికే ఉన్నాయి, పొడుగు తోకకి ఏమీ లేదు. అసలు మనం తోక అనేది తోక కాదు, అది దాని పొట్ట. ఈ మాట పిల్లలకి భలే నచ్చింది. పుస్తకాల్లో వక్షం, ఉదరం అని ఉంటుంది, మేం మాత్రం తల, ఛాతీ, పొట్ట అనే చెప్పుకున్నాం, ఎవరి తల, ఛాతీ, పొట్ట వాళ్ళు తట్టుకుంటూ. కాళ్ళూ రెక్కలూ అన్నీ ఛాతీకే, ఆరు కాళ్ళ పురుగు ఏదైనా సరే.

లోపలికొచ్చాక అప్పటికే గుచ్చినవాళ్ళు పీకి మళ్ళీ గుచ్చారు. ఒకడు మాత్రం ముందే నాలుగు కాళ్ళతో మేకలాగా నిలబెట్టేశాడు, దానికి ఇంకో రెండు కలిపి ఆరు చేశాడు గానీ ఇంకా మేకలాగానే నిలబడి ఉంది. దాని పక్కనే కూర్చున్న పిల్ల, "ఇది నడువది రా, నేను చూసిన, పుల్లను ఊకె పట్టుకుంటది" అంది. నిజంగా గొప్ప సంగతి అది. తూనీగ కాళ్ళు నడవడానికి పెద్దగా పనికిరావు, ఆరూ ముందుకే ఉండి బుట్టలాగా అవుతాయి, గాల్లోనే దోమల్ని ఆ బుట్టతో పట్టేస్తుంది. వాడు ఆ ఆరు పుల్లల్నీ విరిచి ముందుకు వంచి పెట్టాడు. అప్పుడు చూడాలి ఆ బొమ్మని, మేక పోయి తూనీగ వచ్చేసింది.

కళ్ళకి ఏం పెట్టాలన్నది పెద్ద చర్చ. ఒక పిల్ల ఇంటి నుంచి గురిగింజలు తెచ్చింది, ఎర్రగా ముచ్చటగా ఉంటాయి గానీ అవి విషం, నమిలితే ప్రాణం మీదికి వస్తుంది, చిన్న పిల్లలున్న చోట వాటిని ఉంచనేకూడదు. మెల్లగా అడిగి తీసేసుకున్నాను. భూతద్దంతో కిటికీ దగ్గర దొరికిన చచ్చిన ఈగ కన్ను చూస్తే చిన్న చిన్న గదులు కనిపిస్తాయి, తూనీగ కన్నులో అలాంటివి వేలల్లో ఉంటాయి. దాన్ని ఎలా చేయాలి? ఒకడు మట్టి ఉండని టీ జాలీ మీద ఒత్తాడు, జాలీ గళ్ళన్నీ అచ్చు పడ్డాయి, చాలా బాగా వచ్చింది. మధ్యాహ్నం వంట చేసే అక్క సగ్గుబియ్యం గుప్పెడు ఇస్తే కొందరు మట్టి ఉండని అందులో దొర్లించారు, అది ఇంకా బాగుంది, ఎండకి పెడితే మిలమిల మెరిసింది. కానీ రెండు రాత్రులకి ఎలుకలు వచ్చి సగ్గుబియ్యం కళ్ళన్నీ కొరుక్కుపోయాయి. పిల్లలు పొద్దున్నే వచ్చి గుడ్డి తూనీగల్ని చూసి ఏడ్చినంత పని చేశారు. తర్వాత అందరూ జాలీ అచ్చుకే మారారు.

పొట్టకి నల్ల దారం చుట్టడం మాత్రం ఎవరికి వాళ్ళే కనిపెట్టారు. తూనీగ పొట్ట పది కణుపులు. తొమ్మిది చోట్ల దారం బిగిస్తే పది ముక్కలు అవుతాయి, పది చోట్ల కాదు. ఈ తొమ్మిది పది తకరారు మీద సగం పూట పోయింది, బెండు మీద చుట్టి చూస్తే తప్ప నమ్మలేదు ఒక్కరూ.

ఇంకో సంగతి. వెనక రెక్క మొదట్లో వెడల్పుగా ఉంటుంది, ముందు రెక్క సన్నం. ఫోటోలో ఇది కనిపెట్టింది ఒకటో తరగతి పిల్ల. నేను ఇన్నేళ్ళలో గమనించనేలేదు.

ఆరుద్ర కార్తెలో ఎర్ర మఖ్మల్ లాంటి ఆరుద్ర పురుగులు వచ్చాయి కదా, అవి ఎగరవు, అయినా పిల్లలు అరచేతిలో పట్టుకొచ్చారు, బొమ్మ చేద్దాం టీచర్ అని. సరే కాళ్ళు లెక్కపెట్టండి అన్నాను. ఎనిమిది! ఇన్ని రోజులు ఆరు ఆరు అని చదివినవాళ్ళకి మతిపోయింది. మళ్ళీ లెక్కపెట్టారు, మళ్ళీ ఎనిమిదే. నాలుగైదు సార్లు అయ్యాక ఒకడు మూలనున్న సాలెపురుగు దగ్గరికి పోయి దాని కాళ్ళు లెక్కపెట్టి వచ్చాడు, ఇది దాని చుట్టం టీచర్ అన్నాడు. నేను చెప్పాల్సిన పాఠం వాడే చెప్పేశాడు, ఆరుద్ర పురుగు నిజంగానే సాలెపురుగు, తేలు ఉన్న వైపు చుట్టమే, ఈగా దోమా వైపు కాదు. ఆ రోజు పట్టుకొచ్చిన వాటిని మళ్ళీ చేలో వదిలి వచ్చాం.

జూలైలో వంట అక్క ఒకటే గోల, కరివేపాకు చెట్టుని పురుగులు తినేస్తున్నాయని. పోయి చూస్తే నల్ల సీతాకోకచిలుక పిల్లపురుగులు, చిన్నవి అచ్చం పిట్ట రెట్టలాగా ఉన్నాయి, పెద్దవి ఆకుపచ్చగా బొద్దుగా. పిట్ట రెట్టలాగా ఉంటే పిట్టలు తినవు కదా, ఎంత తెలివో. వేలితో ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి పెట్టింది, ఘాటు వాసన. పిల్లలంతా అబ్బా అని ముక్కు మూసుకుని మళ్ళీ ముట్టుకున్నారు. అక్కని బతిమాలి ఒక్క కొమ్మ వదిలేయించి, ఒక పురుగుని మాత్రం పెద్ద బరిణెలో పెట్టి మూతికి దోమతెర గుడ్డ కట్టి రోజూ తాజా ఆకు వేశాం.

దాని బొమ్మ చేసేటప్పుడు మళ్ళీ కాళ్ళ పంచాయితీ. లెక్కపెడితే పదహారు వచ్చాయి. ఆరే అన్నవ్ కదా టీచర్ అని నన్ను నిలదీశారు. భూతద్దం పెట్టి మళ్ళీ చూడమన్నాను, అన్నీ ఒకే తీరుగా ఉన్నాయా అని. ముందున్న ఆరు సన్నగా కోసుగా ఉన్నాయి, వెనక పది మాత్రం మెత్తగా బుడిపెల్లాగా ఉన్నాయి. ముందు ఆరే అసలు కాళ్ళు, రెక్కలొచ్చాక కూడా ఉండేవి అవే, వెనకవి పట్టుకోవడానికి తాత్కాలికం, తర్వాత పోతాయి. అందుకని మట్టి పురుగు చేసి ముందు ఆరు కాళ్ళు చీపురు పుల్లతో, వెనక పది మట్టి బుడిపెలతో పెట్టారు. ఈ తేడా మాటల్లో చెప్తే రెండో రోజుకి మర్చిపోతారు, చేత్తో ఒకటి గుచ్చి ఇంకోటి ఒత్తిన పిల్లలు ఇప్పుడు అడిగినా చెప్తారు.

అది గూడు కట్టిన రోజు నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. కొమ్మకి వీపు వెనక్కి వాల్చి, నడుముకి సన్నటి దారం ఒకటి చుట్టుకుని ఆగిపోయింది. ఎందుకట్ల కట్టుకుంది అని నేను అడగకముందే, "మా నాయన మోకు ఏస్కున్నట్టు ఉంది టీచర్" అన్నాడు గౌండ్ల పిల్లాడు. తాటిచెట్టు మీద మోకు వేసుకుని వెనక్కి వాలి కల్లు గీస్తారే, అచ్చం అట్లనే. నేను ఎన్ని పుస్తకాలు తిరగేసినా అంత బాగా చెప్పలేను. బొమ్మలో ఆ మోకు కోసం వాడు మా అమ్మ పసుపుతాడు ముక్క అని ఒకటి తెచ్చి కట్టాడు, పన్నెండు రోజులకి సీతాకోకచిలుక వచ్చేవరకు ఎవర్నీ దాన్ని ముట్టనివ్వలేదు.

బయటికి వచ్చినప్పుడు రెక్కలు పిండిన బట్టలాగా ముడుచుకుని ఉన్నాయి. మెల్లగా వేలాడుతూ ఒంట్లోంచి నీరు రెక్కల్లోకి పంపించుకుంటే అవి సాగుతూ వచ్చాయి, ప్రార్థన అయిపోయి మొదటి గంట అయ్యేదాకా అందరం దాని ముందే కూర్చున్నాం. నల్ల రెక్కలు, వెనక రెక్కల మీద తెల్ల మచ్చల వరస. సీతాకోకచిలుకని పట్టుకుంటే వేళ్ళకి పొడి అంటుతుంది కదా, అది దుమ్ము కాదు, చిన్న చిన్న పొలుసులు, చేప పొలుసుల్లాగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, రంగంతా అందులోనే ఉంటుంది. బొమ్మకి స్కెచ్ పెన్ వద్దని పక్కన పెట్టి, కాగితం రెక్క మీద గమ్ము పూసి ముగ్గు రంగు పొడి చల్లాం. వేలితో తుడిస్తే రంగు వేలికి వచ్చి రెక్క మీద కాగితం కనబడింది. ఒక పిల్ల అది చూసి, అందుకే పట్టుకోవద్దు అంటరు కదా అని తనకు తానే అనుకుంది.

ఆగస్టు 20కి దోమ చేశాం. ఆ తేదీ ఎందుకంటే 1897లో అదే రోజు సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మన దగ్గరే! బేగంపేటలో ఆయన పనిచేసిన బంగళా ఇప్పటికీ ఉంది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది ఆయనకి. పిల్లలకి నోబెల్ కంటే హుసేన్ ఖాన్ కథ నచ్చింది, మలేరియా ఉన్న మనిషి ఆయన, దోమలతో కుట్టించుకున్నందుకు రాస్ ఆయనకి దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. పది దోమలు కుట్టినయి, పది అణాలు. అణా అంటే ఎంత, పది అణాలకి ఏమొస్తుండె అని ఆ పూటంతా అదే. ప్రపంచం అంతా ఆగస్టు 20ని దోమల దినం అంటుంది, ఆ దినం పుట్టింది మన హైదరాబాద్ పక్కన అని మన పిల్లలకి తెలియకపోతే ఎట్లా.

మలేరియా దోమ గోడ మీద వాలితే తల కిందికి, వెనక భాగం పైకి లేపి ఏటవాలుగా ఉంటుంది, మామూలు దోమ గోడకి సమానంగా పడుకున్నట్టు ఉంటుంది. ఈ రెండు రకాలూ చేసి గోడకి అతికించాం. ఇది బొమ్మ ఆటే కాదు, ఇంట్లో గోడ మీద దోమని చూసి పిల్లలే చెప్పగలుగుతారు.

ఈగ, దోమ రెండింటికీ రెండే రెక్కలు. అయితే మిగతా రెండు యాడ పోయినయి అని అడిగారు, వాళ్ళే అడిగారు, అదీ నా సంతోషం. మళ్ళీ ఆ చచ్చిన ఈగనే తీసుకుని భూతద్దం కింద రెక్క మెల్లగా పైకెత్తాను. వెనక రెక్కలు ఉండాల్సిన చోట గుండుసూది తలలాంటివి రెండు, తెల్లగా. ఎగిరేటప్పుడు అవి కూడా రెక్కలతో పాటు ఆడుతూనే ఉంటాయి, ఒళ్ళు ఎటు ఒరుగుతోందో ఈగకి తెలిసేది వాటి వల్లే, అవి లేకపోతే తిన్నగా ఎగరలేదు. మనం చప్పట్లు కొట్టేలోపు అది తప్పించుకుపోయేదాంట్లో వీటి పాత్ర చాలా ఉంది. ఇంత చిన్నదాన్ని బొమ్మలో ఎలా పెట్టాలి? చీపురు పుల్ల సన్న చివర విరిచి గమ్ములో ముంచి ఒక ఆవగింజ అంటించి రెక్క వెనక గుచ్చారు. ఆ ఆవగింజ నిలబడటానికి ఒక పిల్లాడు ఊపిరి బిగబట్టి ఎంతసేపు కూర్చున్నాడో, మూడుసార్లు రాలిపడింది, నాలుగోసారి నిలిచింది. పోయినేటి చార్ట్ ఇంకా గోడ మీదే ఉంది అప్పటికి, వాడే పోయి పెన్సిల్‌తో దోమ వెనక రెక్కలు రెండూ కొట్టేసి అక్కడ రెండు చుక్కలు పెట్టాడు. నేను ఏమీ అనలేదు, ఆ చార్ట్ అలాగే ఉంచాను.

రెక్కలు ఎంత వేగంగా కొట్టుకుంటాయో చెప్పడానికి చప్పట్లు పెట్టాం. నేను ఒకటి అనేలోపు ఎన్ని చప్పట్లు కొట్టగలరో చూడమంటే నాలుగు, మహా అయితే అయిదు. తేనెటీగ అంతసేపట్లో 200 సార్లకి పైనే కొడుతుంది, దోమ అంతకన్నా ఎక్కువ, మన చెవి దగ్గర గుయ్ అనేది దాని నోరు కాదు, రెక్కలే. నోటితో కాదా అని చాలామంది నమ్మలేదు. ఐస్‌క్రీమ్ పుల్లకి గట్టి అట్టముక్క, రబ్బర్ బ్యాండ్ బిగించి దారం కట్టి గిరగిరా తిప్పితే గాలికి రబ్బర్ అదిరి బుర్ర్ అని మోగుతుంది, అది చేశాక నమ్మారు. ఒకేసారి ఇరవై మంది తిప్పితే పక్క గది సార్ పరిగెత్తుకొచ్చాడు, తేనెపట్టు కదిలిందేమో అనుకున్నాడట.

మధ్యలో ఒక తల్లి వచ్చి అడిగింది, పురుగుల బొమ్మలు చేపిస్తే ఏమొస్తది మేడం, అక్షరాలు దిద్దిపియ్యరాదా అని. ఆమె బాధ నాకు అర్థమవుతుంది, రోజంతా కూలి చేసి బడికి పంపేది చదువుకోసమే కదా. ఆమె బిడ్డ చేసిన తూనీగ తీసి చూపించాను. ఒక్కో చోట చిన్న చీటీ, దాని మీద తల, కన్ను, రెక్క, పొట్ట అని ఆ పిల్లే రాసింది. కన్నులో న వత్తు, రెక్కలో క వత్తు, పొట్టలో ట వత్తు. పలక మీద వంద సార్లు దిద్దించినా రాని వత్తులు, తన తూనీగకి పేరు రాయాలి కాబట్టి తప్పు పోకుండా రాసింది. ఆ తల్లి చీటీలన్నీ వేలు పెట్టి చూసి, చదవడం రాదు ఆమెకి, బిడ్డతో చదివించుకుంది. పోతూ పోతూ రేపు ఉల్లిపొట్టు పంపిస్త అంది.

ఇప్పుడు సెప్టెంబర్. సాయంత్రం పూట బడి మైదానం మీద పసుపు రంగు తూనీగలు వందల్లో తిరుగుతున్నాయి, వాలవు, తిరుగుతూనే ఉంటాయి. వీటి వెనక రెక్కలు మరీ వెడల్పు, ఊరికే గాలి మీద తేలిపోవడానికి. ఇవి వానల తర్వాత మన దేశం నుంచి సముద్రం మీదుగా ఆఫ్రికా పోతాయి. మాల్దీవుల్లో ఏటా అక్టోబర్‌లో ఇవి గుంపులుగా దిగడం చూసి చార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త 2009లో దీని గురించి రాశాడు. పోయి రావడానికి 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు, అదీ ఒక్క తూనీగ కాదు, నాలుగు తరాలు కలిసి, తాత పోతే మనవడి కొడుకు తిరిగి వస్తాడన్నమాట. గ్లోబు తెచ్చి చూపించాను, ఇది మనం, ఇది మాల్దీవులు, ఇది ఆఫ్రికా, మధ్యలో ఇదంతా నీళ్ళే అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. దారం కట్టే పిల్లాడు ఆ రోజు సాయంత్రం మైదానంలో ఒకదాన్ని పట్టాడు, రెక్కలు రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని పరిగెత్తుకుంటూ నా దగ్గరికే వచ్చాడు, కాళ్ళు బుట్టలెక్క ఉన్నయి చూడు టీచర్ అని చూపించి, ఇది ఇంక పోవాలె అని పైకి వదిలేశాడు.

మరుసటి రోజు రెక్క వెడల్పు కనిపెట్టిన ఆ ఒకటో తరగతి పిల్ల నా దగ్గరికి వచ్చి తన తూనీగ ఇచ్చేసింది, ఇది బాలేదు అని. ఏమైంది అంటే, "నా రెక్కల గీతలు ఉత్తగ పెన్నుతోని గీసినయి, దానికి నిజం గీతలు ఉన్నయి" అంది. ఎంత దూరం ఎగరాలన్నా ఆ గీతలే కదా రెక్కని నిలబెట్టేవి, పల్చటి పొరకి వెన్నుపూస లాంటివి. ప్లాస్టిక్ కవర్ మీద పెన్ను గీత ఎంత గీసినా కవర్ వంగిపోతుంది. బాగా ఆలోచిస్తే చిన్నప్పుడు పుస్తకంలో పెట్టుకున్న రావి ఆకు గుర్తొచ్చింది. రావి ఆకుల్ని నీళ్ళలో నానబెడితే మూడు నాలుగు వారాలకి పచ్చదనమంతా కుళ్ళి, మెల్లగా బ్రష్‌తో తోస్తే ఊడిపోయి, ఈనెల వల ఒక్కటే మిగులుతుంది. దాన్ని రెక్క ఆకారంలో కత్తిరిస్తే నిజం గీతలు, నిజంగా నిలబెట్టే గీతలు.

బడి వెనక బకెట్‌లో నలభై ఆకులు నానేశాం. వాసన మొదలైంది, వంట అక్క మళ్ళీ గొడవ పెడుతోంది, బకెట్‌ని చింతచెట్టు దాకా జరిపాం. ఆ పిల్ల రోజూ ప్రార్థనకి ముందే పోయి పుల్లతో ఒక ఆకు పైకెత్తి గీరి చూసి, ముక్కు మూసుకుని వచ్చి చెప్తుంది.

"ఇంకా కుళ్ళలే టీచర్."